గోధుమ పడని కడుపు – దిగులుపడని మనస్సు

రోగము తేలిన దినమున చీటీపై మందు వ్రాసి యిచ్చుట వైద్యుల వాడుక. సీలియాక్ వ్యాధి తేలినప్పుడు మాత్రము వైద్యుడు “నేటినుండి గోధుమ ముట్టరాదు, జీవితాంతము ముట్టరాదు” అని చెప్పి పంపును. వినిన ఇంటివారు మొదట ఊరట చెందుదురు. “ఇంతేనా! మనము అన్నము తినువారమే గదా” అనుకొందురు. నెల తిరుగునప్పటికి ఆ ఊరట దిగులుగా మారును. పెండ్లి విందులో, పేరంటములో, వ్రతము ముగిసి ప్రసాదము చేతిలో పెట్టునప్పుడు, బంధువుల యింట ఉప్మా పళ్ళెము ముందుంచినప్పుడు, “నాకు వద్దు” అని చెప్పవలసి వచ్చును. పెట్టినది కాదనుట మన సంప్రదాయమున మర్యాద కాదు. ఈ రోగి పడు దుఃఖము చాలవరకు ఇచ్చటనే పుట్టుచున్నది. అందుచేత ఈ వ్యాసమున పథ్యముతోపాటు, ఆ పథ్యమును నిలుపుకొనుటకు మనస్సును దిటవు చేసికొను విధమును వివరించుచున్నాను.

వ్యాధి స్వరూపము

గోధుమయందును, యవలు అనగా బార్లీయందును, విదేశములలో పండు రై అను ధాన్యమునందును గ్లూటెన్ అను మాంసకృత్తు కలదు. గోధుమపిండి తడిపినప్పుడు సాగుడు గుణము వచ్చుటకు ఇదియే కారణము. కొందరి శరీరమున వ్యాధినిరోధక శక్తి ఈ పదార్థమునకు రెచ్చి, తన చిన్నప్రేగునే గాయపరచును. ప్రేగు లోపలిగోడపై మఖమలు గుడ్డమీది నూగువలె నుండు చూషకములు అరిగి చదునగును. అంతట తినిన ఆహారముయొక్క సారము ఒంటికి పట్టదు. విరేచనములు, కడుపుబ్బరము, బరువు తగ్గుట, పిల్లలలో ఎదుగుదల కుంటుపడుట, ఎముకల బలహీనత కలుగును. కొందరికి విరేచనములే యుండవు. ఎన్ని ఇనుపధాతువు మాత్రలు మ్రింగినను తీరని రక్తహీనత యొక్కటే కనిపించును.

టి.టి.జి. అను రక్తపరీక్ష, ఎండోస్కోపీ ద్వారా తీసిన చిన్నప్రేగు ముక్కను పరీక్షించుట, ఈ రెండింటివలన రోగము నిర్ధారణ యగును. ఈ పరీక్షలు పూర్తికాకముందే గోధుమ మానినచో ఫలితములు తప్పుదారి పట్టించును. కనుక అనుమానము కలిగిన వెంటనే సొంత నిర్ణయమున మానివేయరాదు.

చరక సంహిత చికిత్సాస్థానము పదునైదవ అధ్యాయమున గ్రహణీదోషము వర్ణింపబడినది. లక్షణములలో ఈ వ్యాధికిని దానికిని కొంత పోలిక కలదు. అయినను గ్రహణి యనునది విశాలమైన మాట. రెండును ఒకటే యని తేల్చివేయుట తొందరపాటు. ఆయుర్వేద వైద్యుడనై యుండియు ఒక విషయము నిష్కర్షగా చెప్పవలసి యున్నది. గోధుమ తినుచునే ఈ రోగమును మాన్పగల మూలికగాని, భస్మముగాని, లేహ్యముగాని లేదు. ఉన్నదని చెప్పువారి మాట నమ్మినచో ప్రేగునకు హాని తప్పదు. ఇచ్చట పథ్యమే ఔషధము.

అరుదైన రోగము, ఒంటరియైన రోగి

మన దేశమున ఉత్తర, ఈశాన్య, దక్షిణ ప్రాంతములను పోల్చిచూచిన ఒక అధ్యయనము 2016లో ప్రచురింపబడినది. దాని ప్రకారము ఉత్తరాదిన నూటికి సుమారు 1.2 మంది రక్తమున ఈ వ్యాధిని సూచించు ప్రతిరక్షకములు ఉండగా, దక్షిణాదిన వేయిమందిలో ఒకరికి మాత్రమే అవి కనిపించినవి. ఉత్తరాదివారు దినమునకు సగటున 455 గ్రాముల గోధుమ తినుచుండగా దక్షిణాదివారు 25 గ్రాములు మాత్రమే తినుచున్నట్లు అందు లెక్కగట్టిరి. వ్యాధికి అవకాశమిచ్చు జన్యువులు మాత్రము అన్ని ప్రాంతములలోను ఇంచుమించు సమానముగనే యున్నవి. పళ్ళెములోని ధాన్యమునుబట్టి రోగము బయటపడుట ఎంతగా మారుచున్నదో దీనివలన ఊహింపవచ్చును.

ఈ లెక్క మన ప్రాంతపు రోగికి ఒక కష్టమును, ఒక సుఖమును తెచ్చిపెట్టినది.

కష్టమేమనగా, శృంగవరపుకోటవంటి ఊరిలో ఈ రోగము పేరు వినినవారే తక్కువ. మధుమేహము, రక్తపుపోటు అనిన ఎదుటివారు వెంటనే గ్రహింతురు. గోధుమ పడదనిన నవ్వుదురు. “షుగరు వాళ్ళకి డాక్టర్లే రాత్రిపూట చపాతీ తినమంటారు కదండీ, మీకు పడకపోవడమేమిటి?” అని ప్రశ్నింతురు. నీరసముగా నున్నవారిని పరామర్శింప వచ్చువారు హార్లిక్స్ సీసాయో, బ్రెడ్డు పొట్లమో, బిస్కట్లో తెత్తురు. ఆ మాల్టు పొడిలో గోధుమయు బార్లీయు నుండును. ప్రేమతో తెచ్చిన వస్తువే హాని చేయుచున్నదని చెప్పుటకు రోగికి నోరాడదు.

సుఖమేమనగా, మన వంటిల్లు ఈ రోగికి ఎన్నడో సిద్ధమై యున్నది. రొట్టెతో పెరిగిన పంజాబువాడు ప్రతి పూట భోజనమును మార్చుకొనవలెను. మనకట్లు కాదు. వరియన్నము, చోడంబలి, గంటెలు, సామలు, కొర్రలు, జొన్నలు మన ప్రాంతమున తరతరములుగా తినుచున్నవే. ఇడ్లీ, దోసె, పెసరట్టు, దిబ్బరొట్టె, అటుకులు, పేలాలు, బియ్యపునూక ఉప్మా – వీనిలో గోధుమ లేదు. సంక్రాంతి అరిసెలు బియ్యపుపిండితోను బెల్లముతోను చేసినవే. రోగము క్రొత్తదైనను దాని పథ్యము మన అమ్మమ్మల యింటి భోజనమే.

దిగులు ఏల కలుగును?

రోగము తేలిన తొలి మాసములలో దుఃఖము, కోపము, ఎవరితోను కలియబుద్ధి పుట్టకుండుట సహజము. దీనికి శరీరమునందును కారణము కలదు. ప్రేగు దెబ్బతినినందున ఇనుపధాతువు, ఫోలిక్ ఆమ్లము, కొందరికి బి12 విటమిను లోపించును. ఈ లోపములు మనిషిని నీరసపరచి ఉత్సాహమును హరించును. కనుక దిగులుగా నున్న రోగిని “నీకు మనోబలము లేదు” అని మందలించుట అన్యాయము. రక్తపరీక్ష చేయించి ఆ లోపములను పూరించిన కొలది మనస్సును కొంత తేరుకొనును.

అట్లే మనస్సు శరీరమును బాధించును. చింత, శోకము, భయము, క్రోధము కలవానికి హితమైన ఆహారము మితముగా తినినను సరిగా జీర్ణము కాదని చరకుడు విమానస్థానమున చెప్పియున్నాడు. పథ్యాహారమును ఏడ్చుచు తినుటకంటె నెమ్మదిగా తినుట మేలని దీని భావము.

మనోదోషములకు జ్ఞానము, విజ్ఞానము, ధైర్యము, స్మృతి, సమాధి యను ఐదింటిని చరకుడు ఔషధములుగా పేర్కొనెను. గురుకులమున ఈ ఐదు మాటలను మేము కంఠస్థము చేసితిమి. నేడు ఈ రోగి స్థితికి వానిని అన్వయించి చూతము.

1. జ్ఞానము – తప్పెవరిదియు కాదని తెలిసికొనుట

బిడ్డకు ఈ వ్యాధి యని తెలియగానే తల్లి “నేను ఏమి పెట్టి ఇట్లు చేసితినో” అని కుమిలిపోవును. పెద్దలు పూర్వజన్మ కర్మమందురు. ఈ రెండు మాటలును విడువవలెను. వ్యాధికి అవకాశమిచ్చు జన్యువులు మన జనములో దాదాపు మూడవ వంతు మందికి కలవు. వారిలో కొలదిమందికి మాత్రమే రోగము వచ్చును. తల్లి వండిన వంటవలన వచ్చినది కాదు. ఒకరినుండి మరియొకరికి అంటునదియు కాదు. అయితే రోగి తల్లిదండ్రులలోను, తోబుట్టువులలోను, పిల్లలలోను పదింట ఒకరికి వరకు ఈ వ్యాధి యుండవచ్చును. కనుక వారును రక్తపరీక్ష చేయించుకొనుట మంచిది.

పూర్వపు రోగులకు ఈ జ్ఞానమే లేకుండెను. లండను వైద్యుడు శామ్యూల్ గీ 1888లో ఈ వ్యాధిని వర్ణించి, నయమైనచో ఆహారమువలననే నయము కావలెనని ఊహించెను గాని ఏ ఆహారము కారణమో ఎరుగడు. 1924లో అమెరికా వైద్యుడు సిడ్నీ హాస్ అరటిపండ్ల పథ్యము పెట్టగా పిల్లలు కోలుకొనిరి. గోధుమ మానుటవలన కలిగిన మేలును లోకము అరటిపండు మహిమగా భావించెను. నెదర్లాండ్సు దేశపు పిల్లల వైద్యుడు విల్లెం కారెల్ డికే గోధుమను అనుమానించుచుండగా, 1944–45 శీతకాలమున ఆ దేశమున రొట్టె కరవైన దినములు అతని అనుమానమునకు బలము చేకూర్చినవి. 1950లో తన సిద్ధాంతవ్యాసమున అతడు గోధుమయే కారణమని నిరూపించెను. అంతకుముందు ఎందరో పిల్లలు కారణము తెలియకయే క్షీణించిరి. నేటి రోగికి కారణము తెలిసినది. శత్రువు పేరు తెలిసినవానికి సగము భయము తీరును.

2. విజ్ఞానము – వంటింటి వివరము

“ఏది తినవచ్చునో, ఏది తినరాదో” అను సందేహము ప్రతి ముద్దలోను వెంటాడినచో మనశ్శాంతి యుండదు. ఒకమారు స్పష్టముగా తెలిసికొనినచో భయము తగ్గును.

తినరానివి: గోధుమపిండి, మైదా, బొంబాయిరవ్వ, గోధుమనూక, సేమియా, చపాతీ, పూరీ, పరోటా, బ్రెడ్డు, బిస్కట్లు, కేకులు, మైదా బొబ్బట్లు, గవ్వలు, కాజాలు, గోధుమపాలతో చేయు మాడుగుల హల్వా, బార్లీనీరు, మాల్టు పానీయములు.

దాగియుండునవి: డబ్బాలలో అమ్ము ఇంగువపొడిలో తరచుగా గోధుమపిండి కలుపుదురు. పులిహోర, చారు, పచ్చళ్ళు వీనిద్వారా అది కడుపులోనికి చేరును. నూడుల్సు బండివద్ద ఫ్రైడ్ రైస్‌లో వేయు సోయా సాసునందును సాధారణముగా గోధుమ యుండును. పూరీలు వేచిన నూనెలో వేచిన అప్పడము పనికిరాదు. ఓట్లు సామాన్యముగా గోధుమతో కలిసిపోవును గనుక వైద్యుని అనుమతి లేనిదే వాడరాదు. మందులు, చూర్ణములు, లేహ్యములు కొనునప్పుడును వానిలో గోధుమపిండిగాని యవలుగాని కలిసినవా యని విచారింపవలెను.

పిండిమర సంగతి మరువరాదు. గోధుమలు ఆడిన మరలోనే చోళ్ళు పట్టించినచో చోడిపిండిలో గోధుమపిండి కలియును. బియ్యము, చోళ్ళు మాత్రమే ఆడు మరయున్న అచ్చట పట్టించుడు. లేనిచో శుభ్రముగా కడిగి ఎండబెట్టి ఇంట మిక్సీలో ఆడుకొనుడు. జల్లెడ, అట్లకాడ, పెనము రోగికి వేరుగా నుంచుట మంచిది.

పొట్లములపై పేర్లు చదువు అలవాటు చేసికొనవలెను. మన దేశమున 2020 నాటి లేబులు నిబంధనల ప్రకారము గ్లూటెన్ కల ధాన్యములున్నచో పొట్లముపై తెలుపవలెను. గ్లూటెన్ రహితమని అమ్ము పదార్థములో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదు.

ప్రేగు పచ్చిగా నున్న తొలి వారములలో కొందరికి పాలు పడవు. అట్టివారు మెత్తని అన్నము, గంజి, పెసరకట్టు, బాగుగా చిలికిన పలుచని మజ్జిగ కొలదికొలదిగా తీసికొనవచ్చును. గ్రహణీదోషమున మజ్జిగను చరకుడు ప్రత్యేకముగా మెచ్చినాడు. ప్రేగు కోలుకొనిన పిమ్మట చాలమందికి పాలును తిరిగి పడును.

3. ధైర్యము – మొగమాటమును గెలుచుట

ఈ పథ్యమును చెడగొట్టుటలో ఆకలికంటె మొగమాటముదే పెద్ద చేయి. “ఒక్క ముక్కే గదమ్మా, ఏటైపోతాది?” అని అభిమానముతో నోటివద్దకు తెచ్చినప్పుడు కాదనలేక తినువారే ఎక్కువ. ఆ ఒక్క ముక్క ప్రేగును తిరిగి రేపగలదు.

ఇందుకొక ఉపాయము కలదు. “వద్దు” అని ఊరకొనినచో పెట్టినవారి మనస్సు నొచ్చును. వద్దనుటతోపాటు తినగలదానిని అడుగవలెను. “అది నాకు పడదు వదినగారూ, అన్నం పెరుగు పెట్టండి, కడుపునిండా తింటాను” అనిన చాలును. ఆ యింటి అన్నము తినిన మీదట ఎవరును నొచ్చుకొనరు. దూరపు బంధువుల యింటికి పోవునప్పుడు ఒకరోజు ముందుగా ఫోనులో తెలుపుట మరియు మేలు. పెండ్లి విందులో వడ్డన మొదలు కాకముందే వంటవారిని కలిసికొని, ఇంగువ వేయని పప్పు, అన్నము, పెరుగు తీసి యుంచుమని కోరవచ్చును. రోగవివరమంతయు అందరికి చెప్పనక్కరలేదు. “గోధుమ తింటే నా ప్రేగు దెబ్బతింటుంది, డాక్టరు పూర్తిగా మాన్పించారు” అను ఒక్క వాక్యమును సిద్ధముగా నుంచుకొనవలెను.

ప్రసాదము విషయమున బాధ మరింత లోతైనది. అన్నవరము సత్యదేవుని ప్రసాదము గోధుమనూకతో చేసినది. మన ఇండ్లలో వ్రతమునాడు చేయు ప్రసాదమును సాధారణముగా గోధుమరవ్వతోనే చేయుదురు. జీవితమంతయు కన్నులకద్దుకొని తినినదానిని మానవలసి వచ్చినప్పుడు పెద్దవారు కన్నీరు పెట్టుకొందురు. ప్రసాదమును చేతిలోనికి తీసికొని, కన్నులకద్దుకొని, ప్రక్కవారికి ఇచ్చి, నైవేద్యమైన అరటిపండును, కొబ్బరిని స్వీకరింపుడు. అవియును ప్రసాదమే. ఇంట వ్రతము చేసికొనునప్పుడు బియ్యపురవ్వతో ప్రసాదము చేసి ఇంటిల్లిపాదియు అదియే తినినచో ఆ వెలితియు తీరును.

4. స్మృతి – గుర్తుంచుకొనుట

ఈ రోగమున ఒక మోసము కలదు. ఒక్కొక్కప్పుడు గోధుమ తినినను పైకి ఏమియు తెలియదు. “తిన్నాను, ఏమీ కాలేదు” అని ధైర్యము వచ్చును. లోపల చూషకములు మాత్రము మరల దెబ్బతినుచుండును. రోగము తగ్గినదని భ్రమించి విడిచిపెట్టువారు సామాన్యముగా ఈ దశయందే విడిచిపెట్టుదురు.

చిన్న పుస్తకమున తినినది, ఆ దినపు ఒంటిస్థితి, మనఃస్థితి రెండేసి పంక్తులలో వ్రాసికొనుడు. నెలకొకమారు బరువు వ్రాయుడు. పథ్యము మొదలిడిన కొన్ని వారములలోనే చాలమందికి కడుపు తేలికపడును. ప్రేగు పూర్తిగా కోలుకొనుటకు మాత్రము పిల్లలకు కొన్ని నెలలు, పెద్దలకు ఒకటి రెండు సంవత్సరములు, కొందరికి అంతకు మించియు పట్టును. ఈ మధ్యకాలమున నిరాశ కలిగినప్పుడు పాత పుటలు తిరుగవేసి చూచినచో ఎంత దూరము వచ్చితిమో తెలియును. పొరపాటున ఎన్నడైన తినినచో తననుతాను తిట్టుకొనుచు కూర్చుండరాదు. మరుసటి పూటనుండి యథాప్రకారము పథ్యము సాగింపవలెను.

5. సమాధి – మనస్సును నిలుపుట

“ఇక జన్మలో తినలేను” అని ముప్పది సంవత్సరముల భారమును ఒక్కనాడే మోయరాదు. ఈ పూట ఏమి వండుకొందుమను ఆలోచనవద్ద మనస్సును నిలుపవలెను. ఉదయమున పది నిమిషములు నిటారుగా కూర్చుండి నిదానముగా ఊపిరి పీల్చి విడుచుట, సాయంకాలమున నడక, పరుండబోవు ముందు అరికాళ్ళకు నువ్వులనూనె మర్దించుట, వేళకు నిద్ర – ఇవి రోగమును మాన్పవు గాని కలతను తగ్గించును.

ఇంటివారి ధర్మము

రోగి యొక్కడు పథ్యము పాటించి మిగిలినవారు ఎదుట పూరీలు తినుట దయగల పని కాదు. తొలి ఆరు మాసములైన ఇంట గోధుమను మానుట ఉత్తమము. అది వీలుకానిచో రాత్రి భోజనమైనను అందరును ఒకే వంట తినవలెను. పిల్లవాడు రోగియైనచో బడిలో ఉపాధ్యాయునికి తెలుపవలెను. తోటివారి పుట్టినరోజునాడు కేకు ముక్క వద్దనవలసి వచ్చిన పసివాని సంచిలో ముందుగనే వేరుశనగ ఉండయో, నువ్వులుండయో ఉంచవలెను. అప్పుడు వాడు ఉత్తచేతులతో ప్రక్కకు నిలువడు.

ఆడపిల్లకు ఈ వ్యాధి యున్నచో పెండ్లి సంబంధములు చెడునను భయమున దాచువారు కలరు. దాచి పంపిన పిల్ల అత్తవారింట తొలిదినమునుండి గోధుమ తినవలసి వచ్చును. అడుగ నోరులేక, తినలేక, చెప్పలేక క్రుంగిపోవును. చికిత్స లేని స్థితిలో రక్తహీనత, గర్భధారణయందు చిక్కులు రావచ్చును. పథ్యము పాటించుచు ప్రేగు కోలుకొనిన స్త్రీలు సాధారణముగా అందరివలెనే బిడ్డలను కందురు. ఈ మాటను వైద్యునిచేతనే రెండు కుటుంబములకు చెప్పించినచో భయము తొలగును. గోధుమ తినకుండుట తప్ప ఆమెకు మరే కొరతయు లేదని గ్రహించిన యింటికే పిల్లను ఇయ్యవలెను.

వైద్యుని ఆశ్రయింపవలసిన వేళ

జీర్ణకోశ వైద్యుని పర్యవేక్షణను విడువరాదు. ఆయన చెప్పిన గడువులో రక్తపరీక్ష మరల చేయించి, రక్తహీనతను, ఎముకల బలమును సరిచూపించుకొనవలెను. రెండు వారములకు మించి నిద్రలేమి, ఏడుపు, దేనియందును ఆసక్తి లేకుండుట, తినుటకే భయపడుట ఉన్నచో మానసిక వైద్యుని కలియుటకు సంకోచింపరాదు. బ్రతుకు వలదను తలంపు కలిగినచో ఒక్క పూటయు జాగుచేయరాదు. కేంద్రప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యపై పగలుగాని రాత్రిగాని ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.

క్రొత్తగా ఈ రోగము తేలిన కుటుంబములకు నా సలహా ఇది. ముందుగా ఒక మండలము, అనగా నలుబది దినములు, నిష్ఠతో పథ్యము సాగింపుడు. మొదటి వారమున వంటింటి డబ్బాలు సరిచూడుడు. రెండవ వారమున దగ్గరి బంధువులకు మీరే ఫోను చేసి చెప్పుడు. మూడవ వారమున ఎవరింటికైనను భోజనమునకు పోయి, అన్నము అడిగి తినిరండు. అట్లు ఒక్కమారు పోయివచ్చినచో తరువాతి పిలుపులకు అంత భయముండదు.